హోమోసిస్టీన్ ఎక్కువగా ఉందని రిపోర్టు వస్తే ఏ వరుసలో ఏం చూసుకోవాలి

ఇంట్లో నలభై, నలభై అయిదేళ్ల వయసులో ఒకరికి గుండెపోటు వచ్చిందంటే, ఆ తరువాతి నెలలోనే తోడబుట్టినవాళ్లందరూ పరీక్షలకు వెళ్లడం మన కుటుంబాల్లో మామూలైపోయింది. వాళ్లు చేయించుకునే పరీక్షల ప్యాకేజీలో హోమోసిస్టీన్ అనే పేరు ఒకటి ఉంటుంది, దాని ఎదురుగా 22 అనో 31 అనో ముద్దక్షరాల్లో ఒక అంకె ఉంటుంది. ఆ అంకెను చూసి కంగారుపడినవాళ్లు తరువాత చేయించుకునేది జన్యు పరీక్ష. అందులో ఎం.టి.హెచ్.ఎఫ్.ఆర్. జన్యువులో మార్పు ఉందని రాగానే, తమ ధమనుల్లో పుట్టుకతోనే ఏదో లోపం ఉందని నమ్మి, ఖరీదైన విటమిన్ మాత్రలను ఏళ్ల తరబడి మింగుతారు. ఈ వరుస తలకిందులుగా ఉందన్నదే ఈ వ్యాసం రాయడానికి కారణం. మన ప్రాంతంలో ఆ అంకె పెరగడానికి అన్నిటికంటే తరచుగా కనిపించే కారణం బి12 లోపం. అది చవకగా తేలిపోతుంది, తేలికగా సరిదిద్దుకోవచ్చు. జన్యు పరీక్ష చాలామందికి అవసరమే ఉండదు, అవసరమైన కొద్దిమందికీ అది చివర చూడవలసిన పేజీ.

ఈ పదార్థం ఎక్కడిది, ఎందుకు పేరుకుంటుంది

మనం తినే పప్పు, పాలు, గుడ్డు, మాంసం వంటి వాటిలోని మాంసకృత్తుల్లో మిథియోనిన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. శరీరం దానిని వాడుకునే క్రమంలో మధ్యలో తయారయ్యేదే హోమోసిస్టీన్. అది అక్కడే నిలిచిపోకుండా రెండు దారుల్లో కదిలిపోవాలి. మొదటి దారిలో అది తిరిగి మిథియోనిన్‌గా మారుతుంది. ఆ మార్పుకు ఫోలేట్ తెచ్చి ఇచ్చే మిథైల్ అనే చిన్న ముక్క కావాలి, దానిని అందుకొని అతికించడానికి బి12 కావాలి. ఫోలేట్‌ను ఈ పనికి తగిన చివరి రూపంలోకి మార్చేదే పైన చెప్పిన ఎం.టి.హెచ్.ఎఫ్.ఆర్. ఎంజైము, ఆ ఎంజైము నిలదొక్కుకొని పనిచేయడానికి రైబోఫ్లేవిన్ అనే బి2 తోడు ఉండాలి. రెండో దారిలో హోమోసిస్టీన్ సిస్టియిన్‌గా మారి బయటపడుతుంది, ఆ దారికి కావలసినది బి6. అంటే ఫోలేట్, బి12, బి2, బి6 అనే నాలుగు విటమిన్లలో ఏ ఒక్కటి కొరవడినా, లేదా ఆ ఎంజైములను తయారుచేసే జన్యువులో బలమైన లోపం ఉన్నా, హోమోసిస్టీన్ కణాల నుంచి పొంగి రక్తంలోకి చేరుతుంది.

దీనికీ ధమనులకూ సంబంధం ఉందన్న ఆలోచన పిల్లల జబ్బు నుంచి పుట్టింది. 1962లో ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్ పరిశోధకులు, బుద్ధి ఎదుగుదల కుంటుపడిన కొందరు పిల్లల మూత్రంలో ఈ పదార్థపు ఆనవాళ్లు గుర్తించారు. ఆ జబ్బుకు హోమోసిస్టినూరియా అని పేరు వచ్చింది. 1969లో అమెరికాలో కిల్మర్ మెకల్లీ అనే పాథాలజిస్టు ఒక ముఖ్యమైన పోలికను పట్టుకున్నారు. ఈ జబ్బుతో చనిపోయిన పిల్లవాడి ధమనులూ, బి12ను వాడుకునే తీరులో వేరే లోపంతో పుట్టి చనిపోయిన శిశువు ధమనులూ ఒకే విధంగా ముసలివాళ్ల ధమనుల్లా గట్టిపడి ఉన్నాయి. రెండు లోపాలూ వేరువేరు, ఇద్దరిలోనూ ఉమ్మడిగా ఉన్నది హోమోసిస్టీన్ విపరీతంగా పెరగడం ఒక్కటే. కాబట్టి ధమనులను దెబ్బతీసింది అదేనని ఆయన వాదించారు. ఇంత తీవ్రమైన జబ్బు విషయంలో ఆ వాదన నిలిచింది. చికిత్స అందని రోగుల్లో దాదాపు సగం మందికి ముప్ఫై ఏళ్ల లోపే రక్తనాళాల్లో గడ్డ కట్టే ప్రమాదం ఎదురవుతుందనీ, చికిత్సతో హోమోసిస్టీన్ తగ్గించినప్పుడు ఆ ప్రమాదం బాగా తగ్గుతుందనీ తేలింది.

అయితే ఆ పిల్లల రక్తంలో ఉండే స్థాయి వందకు పైమాట. సాధారణంగా లీటరుకు 5 నుంచి 15 మైక్రోమోల్‌ల వరకు మామూలు స్థాయిగానూ, 15 నుంచి 30 వరకు స్వల్ప పెరుగుదలగానూ, 30 నుంచి 100 వరకు మధ్యస్థ పెరుగుదలగానూ, ఆపైన తీవ్రంగానూ లెక్కిస్తారు. మన చేతికొచ్చే రిపోర్టుల్లో ఎక్కువ భాగం 15కూ 40కీ నడుమ ఉంటాయి. వందకు పైనున్న చోట నిజమైనది ఇరవై రెండు దగ్గర కూడా అంతే నిజమని అనుకోవడంలోనే పొరపాటు జరుగుతుంది.

రక్తం ఇచ్చేటప్పుడే జరిగే తప్పు

అంకెను నమ్మే ముందు ఆ రక్తాన్ని ఎలా తీశారో గుర్తుచేసుకోండి. తీసిన రక్తంలోని ఎర్రకణాలు గొట్టంలో ఉన్నంతసేపూ హోమోసిస్టీన్‌ను బయటికి వదులుతూనే ఉంటాయి. మామూలు గది వేడిలో గంటకు సుమారు పది శాతం చొప్పున అంకె పెరుగుతూ పోతుంది. అందువల్ల రక్తం తీసిన వెంటనే గొట్టాన్ని మంచులో పెట్టాలి, గంట లోపు యంత్రంలో తిప్పి ప్లాస్మాను వేరుచేయాలి. ఇంటికి వచ్చి రక్తం తీసుకొని, మే నెల ఎండలో బండి మీద పది ఇళ్లు తిరిగి, మధ్యాహ్నానికి ల్యాబుకు చేర్చిన నమూనాలో 19 వస్తే, అది మీ శరీరం చెప్పిన మాటో ఆ ఎండ చెప్పిన మాటో తేల్చడం కష్టం. వీలైతే పరగడుపున నేరుగా ల్యాబుకే వెళ్లి ఇవ్వండి, నమూనాను మంచులో పెడతారా అని అడగండి. ఇది అడగకూడని ప్రశ్నేమీ కాదు.

జుట్టు రాలకుండా బయోటిన్ మాత్రలు వాడేవాళ్లు ఒక విషయం తప్పకుండా తెలుసుకోవాలి. బయోటిన్ కూడా బి విటమిన్ల కుటుంబంలోదే. పెద్ద మోతాదులో వాడినప్పుడు అది కొన్ని రక్తపరీక్షల విధానానికే అడ్డుపడి, బి12 వంటి వాటిని లేనిపోని ఎక్కువగా చూపించగలదు. గుండెపోటును గుర్తించే ట్రోపోనిన్ పరీక్షను అసలున్న దానికంటే తక్కువగా చూపించగలదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లో హెచ్చరించింది. ఛాతీ నొప్పితో ఆసుపత్రికి వెళ్లినప్పుడు జుట్టు మాత్ర గురించి డాక్టరుకు చెప్పాలని ఎవరికీ తట్టదు, అందుకే ఇక్కడ చెబుతున్నాను.

మొదట బి12, ఆ తరువాతే మిగతావి

నమూనా సరిగానే తీశారు, అంకె 15 దాటింది అనుకుందాం. అప్పుడు చూడవలసిన మొదటి వరుస బి12. పుణెలో చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం 441 మంది నడివయసు మగవారిని పరీక్షించి 2006లో ప్రచురించిన ఫలితాల్లో, 67 శాతం మందికి బి12 తక్కువగా ఉంది, 58 శాతం మందికి హోమోసిస్టీన్ ఎక్కువగా ఉంది. ఈ రెండు అంకెలు పక్కపక్కన ఉండటం యాదృచ్ఛికం కాదు. బి12ను తయారుచేసేవి సూక్ష్మజీవులు మాత్రమే, ఆకుల్లో గాని పప్పుల్లో గాని అది ఉండదు. శాకాహారికి దొరికేది పాలు, పెరుగు, మజ్జిగల ద్వారానే. మాంసాహారులమని చెప్పుకొనేవాళ్లలో కూడా ఎక్కువమంది ఆదివారం నాడు నాలుగు ముక్కలు తిని, మిగిలిన ఆరు రోజులూ అన్నం, పప్పు, కూర, పలుచని మజ్జిగతో గడిపేవాళ్లే. కాబట్టి 'మేం చికెన్ తింటాం, మాకు బి12 లోపం ఎందుకు ఉంటుంది' అన్న ధీమా పనికిరాదు.

బి12 మిల్లీలీటరుకు 200 పికోగ్రాముల లోపు ఉంటే లోపమనే భావిస్తారు. 200కూ 300కూ నడుమ ఉంటే అది సందేహపు మండలం. ఆ మండలంలో హోమోసిస్టీన్ కూడా ఎక్కువగా ఉండటమంటే కణాల లోపల బి12 చాలడం లేదనడానికి బలమైన సూచన. డాక్టరుకు ఇంకా అనుమానం ఉంటే మిథైల్ మలోనిక్ ఆమ్లం అనే పరీక్ష రాస్తారు. బి12 చాలనప్పుడు అది కూడా పెరుగుతుంది, ఫోలేట్ లోపంలో పెరగదు, కాబట్టి రెండు లోపాలనూ విడదీసి చూపుతుంది.

ఆ వెంటనే మీ మందుల సంచిని టేబుల్ మీద బోర్లించి ఒక్కొక్కటీ చూడండి. మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బి12 ఒంటికి పట్టడం తగ్గుతుంది. గ్యాస్ కోసమని రోజూ పరగడుపున వేసుకొనే పాంటొప్రజోల్, ఒమెప్రజోల్ వంటి మాత్రలు కడుపులోని ఆమ్లాన్ని అణచిపెట్టి, ఆహారం నుంచి బి12 విడివడకుండా చేస్తాయి. మన ఊళ్లలో షుగరున్న పెద్దవాళ్లలో ఈ రెండూ కలిపి వాడుతున్నవాళ్లే ఎక్కువ. వాళ్లకు అరికాళ్ల తిమ్మిర్లు మొదలైతే అది షుగరు వల్లనేనని సరిపెట్టుకోకుండా బి12 చూపించుకోవడం అత్యవసరం, ఎందుకంటే ఈ రెండు కారణాలూ ఒకేలా కనిపిస్తాయి గాని వాటిలో ఒకటి పూర్తిగా నయం చేయగలిగినది. మూర్ఛకు వాడే ఫెనిటోయిన్, కార్బమజెపిన్ మందులు, కీళ్లవాతానికీ సోరియాసిస్‌కూ వాడే మెథోట్రెక్సేట్ కూడా ఫోలేట్‌కు అడ్డుపడి హోమోసిస్టీన్‌ను పెంచుతాయి. వీటిలో ఏ ఒక్కటినీ సొంతంగా ఆపకూడదు. పెరుగుదలకు కారణం దొరికిందని తెలుసుకోవడం వేరు, మందు మానేయడం వేరు.

మందుల్లో జవాబు దొరకకపోతే క్రియాటినిన్, టీఎస్‌హెచ్ చూడాలి. మూత్రపిండాలు దెబ్బతిన్నప్పుడు హోమోసిస్టీన్ పెరగడం దాదాపు ఖాయం. థైరాయిడ్ మందగించినా పెరుగుతుంది, థైరాయిడ్ మాత్రతోనే తగ్గుతుంది. వయసు, పొగతాగడం కూడా ఆ అంకెను కొంత పైకి నెడతాయి.

ఫోలేట్ విషయంలో తెలుగువాళ్లకు ఉన్న సంబంధం

ఫోలేట్‌కు మాత్రల్లో వాడే కృత్రిమ రూపమే ఫోలిక్ ఆమ్లం. దాని కథలో మనవాడు ఒకరున్నారు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అన్నను స్ప్రూ అనే పేగుల వ్యాధిలో పోగొట్టుకున్నారు. తాను కూడా ఆ జబ్బుతోనే మంచానపడి, ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారు. తరువాత అమెరికా వెళ్లి, లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ రోగుల రక్తహీనతకు అదే మందయింది. అంతకు పదిహేనేళ్ల ముందే లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనత, ఈస్టు సారంతో తగ్గుతోందని గమనించి ఈ విటమిన్ ఉనికికి దారి చూపారు. మెథోట్రెక్సేట్ మూలాలు కూడా సుబ్బారావు గారి ప్రయోగశాలలో పుట్టిన ఫోలేట్ వ్యతిరేక పదార్థాల్లోనే ఉన్నాయి. అందుకే ఆ మందు వాడేవాళ్లకు డాక్టర్లు వారానికి ఒకటి రెండు రోజులు ఫోలిక్ ఆమ్లం మాత్ర కూడా రాస్తారు. దానిని ఉత్త విటమినే కదా అని వదిలేయకూడదు.

మన తిండిలో ఫోలేట్‌కు కొరత ఉండనక్కరలేదు. పాలకూర, తోటకూర, గోంగూర, శనగలు, పెసలు, అలసందలు అన్నిటిలోనూ అది ఉంది. వంద గ్రాముల ఎండు శనగల్లో రెండు వందల మైక్రోగ్రాములకు పైగానే ఉంటుంది. భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ కలిసి 2020లో సవరించిన లెక్కల ప్రకారం పెద్దవారిలో మగవారికి రోజుకు 300, ఆడవారికి 220 మైక్రోగ్రాములు చాలు, గర్భిణులకు మాత్రం బాగా ఎక్కువ కావాలి. అయితే ఫోలేట్ నీటిలో కరిగిపోతుంది, వేడికి చెడిపోతుంది. ఆకుకూరను ముందుగా సన్నగా తరిగి, ఆ తరువాత నీళ్లలో నానబెట్టి కడిగి, నిండుగా నీళ్లు పోసి ఉడికించి, ఆ నీళ్లను వంపేస్తే మిగిలేది పీచు మాత్రమే. కడిగాక తరగడం, తక్కువ నీళ్లతో మూతపెట్టి మగ్గించడం, పప్పులోనే ఆకు వేసి ఆ నీటితో సహా తినడం మన వంటల్లో ఎప్పటినుంచో ఉన్న పద్ధతులే. పాలకూర పప్పుకు మించిన విటమిన్ మాత్రను నేనింకా చూడలేదు.

గంజి వార్చే ఇళ్లలో కూడా ఇదే నష్టం జరుగుతుంది. 2021లో కేంద్రం ప్రకటించి 2024 నాటికి దేశమంతటా రేషన్ షాపులకు చేర్చిన ఫోర్టిఫైడ్ బియ్యంలో, కిలోకు 75 నుంచి 125 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం, 0.75 నుంచి 1.25 మైక్రోగ్రాముల బి12 ఉండాలన్నది ప్రమాణం. రోజుకు 300 గ్రాముల బియ్యం తినేవారికి దానివల్ల దొరికేది 20 నుంచి 40 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం, అవసరమైన దానిలో అయిదో వంతుకు మించని బి12. అది చిన్న సాయమే గాని దానినీ గంజితో పారబోయకుండా, నీళ్లు సరిపడా పోసి అత్తెసరు పెట్టుకోవడం మంచిది.

బి12 విషయానికి వస్తే, పెద్దవారికి రోజుకు రెండు మైక్రోగ్రాముల పైచిలుకు కావాలి. ఒక పెద్ద గ్లాసు పాలలో సుమారు ఒకటి, ఒక గుడ్డులో సుమారు అర మైక్రోగ్రాము ఉంటుంది. చేపలు, కాలేయం దీనికి మంచి మూలాలు. స్పిరులినాలో బి12 ఉందని ప్రచారం చేస్తుంటారు గాని అందులో ఎక్కువగా ఉండేది మన శరీరానికి పనికిరాని నకలు రూపం. ఒకసారి లోపం తేలాక తిండితోనే దానిని పూడ్చుకోవాలని నెలల తరబడి ఆగకండి. ఒక్క పూటకు పేగులు తమ మామూలు దారిలో పట్టుకోగలిగేది రెండు మైక్రోగ్రాముల లోపే. అయితే వెయ్యి మైక్రోగ్రాముల మాత్ర వేసుకుంటే, అందులో సుమారు ఒక శాతం వేరే దారిలో తనంత తానుగా లోపలికి చేరుతుంది, అదే పది మైక్రోగ్రాములవుతుంది. పెద్ద మోతాదు మాత్రలు పనిచేయడానికి కారణం ఇదే. నరాల లక్షణాలు ఉన్నవారికి ఇంజక్షన్లతో మొదలుపెట్టడం డాక్టర్ల ఆనవాయితీ.

ఇక్కడ మరువకూడని హెచ్చరిక ఒకటుంది. బి12 చూడకుండా ఫోలిక్ ఆమ్లం ఒక్కటే వాడకండి. మన మందుల షాపుల్లో సులువుగా దొరికే ఫోలిక్ ఆమ్లం మాత్ర 5 మిల్లీగ్రాములది, అంటే రోజువారీ అవసరానికి పది పదిహేను రెట్లకు పైన. అది రక్తహీనతను సరిచేసి, బి12 లోపం పైకి కనిపించకుండా చేస్తుంది. ఆ లోపల వెన్నుపాము, నరాలు దెబ్బతింటూనే ఉంటాయి, కొంత దూరం పోయాక ఆ నష్టం వెనక్కి రాదు.

జన్యు రిపోర్టును చదవడం

ఎం.టి.హెచ్.ఎఫ్.ఆర్. జన్యువు ఒకటో క్రోమోజోమ్ మీద ఉంటుంది. అందులో 677వ స్థానంలో మామూలుగా ఉండే 'సి' అక్షరానికి బదులు కొందరిలో 'టి' ఉంటుంది. దానివల్ల ఎంజైములో 222వ అమైనో ఆమ్లం అలనీన్ నుంచి వాలీన్‌గా మారి, తోడుగా ఉండవలసిన రైబోఫ్లేవిన్ రూపాన్ని ఎంజైము సులువుగా జారవిడుస్తుంది. మాంట్రియల్‌లో రీమా రోజెన్ బృందం 1995లో ఈ మార్పును గుర్తించింది. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు ప్రతులూ 'టి' అయినవారిలో ఎంజైము పని మామూలులో మూడో వంతుకు పడిపోతుంది. ఒకే ప్రతి అయినవారిలో మూడింట రెండు వంతులు మిగులుతుంది, వారికి చెప్పుకోదగ్గ తేడా ఏమీ ఉండదు. రెండు ప్రతులూ 'టి' అయినా, ఫోలేట్ చాలినంత తినేవారిలో హోమోసిస్టీన్ మామూలుకు దగ్గరగానే ఉంటుంది. ఫోలేట్ తక్కువైనప్పుడే ఆ తేడా బయటపడుతుంది.

రిపోర్టులో తరచుగా కనిపించే రెండో మార్పు 1298వ స్థానంలో 'ఎ'కు బదులు 'సి'. ఇది ఒంటరిగా ఉన్నప్పుడు హోమోసిస్టీన్ మీద దాని ప్రభావం నామమాత్రం. ఇప్పుడు ఈ రెండూ మనవారిలో ఎంత ఉన్నాయో చూడండి. వివిధ దేశాల ప్రజల జన్యువులను చదివి 2015లో పూర్తిచేసిన వెయ్యి జన్యుపటాల ప్రాజెక్టులో, బ్రిటన్‌లో స్థిరపడిన 102 మంది తెలుగువారి నమూనాలు కూడా ఉన్నాయి. వారితో కలిపి దక్షిణాసియా సమూహాలన్నిటినీ చూస్తే 677 'టి' రూపం నూటికి సుమారు పన్నెండు మాత్రమే, 1298 'సి' రూపం నూటికి నలభై పైన. లెక్క వేస్తే, మొదటి మార్పు రెండు ప్రతులూ ఉన్నవారు వందలో ఒకరిద్దరు, రెండో మార్పు కనీసం ఒక ప్రతి అయినా ఉన్నవారు ముగ్గురిలో ఇద్దరు. అంటే 'మ్యుటేషన్ కనుగొనబడింది' అనే మాట మనలో ఎక్కువమంది రిపోర్టుల్లో వస్తుంది, అది జబ్బు పేరు కాదు. నిజంగా లెక్కలోకి తీసుకోవలసిన రూపం యూరోపియన్లలో పదిమందిలో ఒకరికి ఉంటే మనలో అరుదు. మన సమస్య ఎక్కువగా కంచంలో ఉంది, క్రోమోజోమ్‌లో కాదు.

ఆ అరుదైన రూపం ఉన్నవారికి కూడా ధమనుల విషయంలో కఠినమైన తీర్పేమీ లేదు. రెండు ప్రతులూ 'టి' అయినవాళ్లు పుట్టినప్పటినుంచి కాస్త ఎక్కువ హోమోసిస్టీన్‌తో బతుకుతారు కాబట్టి, అది గుండె ధమనులను నిజంగా మూసేస్తుంటే వాళ్లలో గుండెపోట్లు ఎక్కువగా కనిపించాలి. ఆక్స్‌ఫర్డ్‌లో రాబర్ట్ క్లార్క్ బృందం 2012లో పెద్ద సంఖ్యలో రోగుల సమాచారాన్ని పోగుచేసి చూస్తే అలాంటి పెరుగుదల కనిపించలేదు. గడ్డకట్టే జబ్బుల విచారణలో ఈ జన్యు పరీక్షను రాయవద్దని అమెరికా వైద్య జన్యుశాస్త్ర కళాశాల 2013లో డాక్టర్లకు సూచించింది. ఈ రూపం ఉన్నవారు మామూలు ఫోలిక్ ఆమ్లాన్ని వాడుకోలేరనీ, ఫోలేట్ చివరి రూపమైన ఖరీదైన మిథైల్‌ఫోలేట్ మాత్రలే వేసుకోవాలనీ చెప్పే మాట కూడా సరికాదు. ఒకే మోతాదు తీసుకున్నప్పుడు వారి రక్తంలో ఫోలేట్ ఇతరుల కంటే సుమారు 16 శాతం తక్కువగా ఉంటుంది, అంతే.

ఇందులో ఒక ఆశాజనకమైన అంశం మాత్రం ఉంది. ఉత్తర ఐర్లండ్‌లోని అల్‌స్టర్ విశ్వవిద్యాలయంలో హెలెన్ మెక్‌నల్టీ, మేరీ వార్డ్ బృందం, రెండు ప్రతులూ 'టి' అయి రక్తపోటు ఎక్కువగా ఉన్నవారికి రోజుకు 1.6 మిల్లీగ్రాముల రైబోఫ్లేవిన్ ఇచ్చి చూసింది, వారిలో పై రక్తపోటు గమనించదగ్గంతగా తగ్గింది. ఇతర జన్యురూపాలవారిలో తగ్గలేదు. ఆ మోతాదు పాలు, గుడ్లు, ఆకుకూరల నుంచి దొరికే రోజువారీ అవసరానికి దగ్గరలోదే. పాలను పారదర్శకమైన సీసాలో వెలుతురులో ఉంచితే రైబోఫ్లేవిన్ చెడిపోతుందన్నది కూడా గుర్తుంచుకోదగ్గ సంగతి.

జన్యు పరీక్ష నిజంగా అవసరమయ్యే సందర్భం వేరే ఉంది. హోమోసిస్టీన్ వంద దాటినా, పిల్లల్లో కంటి కటకం పక్కకు జరిగినా, చిన్న వయసులోనే కారణం లేకుండా రక్తం గడ్డకట్టినా, పొడవైన సన్నని ఒళ్లుతో పాటు చదువులో వెనుకబాటు ఉన్నా, అసలైన హోమోసిస్టినూరియా గురించి ఆలోచించాలి. ఇది తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపభూయిష్ట ప్రతి వచ్చినప్పుడే కలిగే జబ్బు కాబట్టి, మేనరికపు పెళ్లిళ్లున్న కుటుంబాల్లో దాని అవకాశం పెరుగుతుంది. వీరిలో దాదాపు సగం మంది బి6కు బాగా స్పందిస్తారు. ఇలాంటి బిడ్డను ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రిలోని జన్యువిభాగానికి చూపించాలి.

మాత్రలు ధమనులకు ఎంత మేలు చేస్తాయి

మాత్రలతో హోమోసిస్టీన్ తగ్గుతుంది, ఇందులో సందేహం లేదు. అది తగ్గితే గుండెపోటు తగ్గుతుందా అన్నది వేరే ప్రశ్న, దానికి పెద్ద పరీక్షలు జవాబిచ్చాయి. నార్వేలో గుండెపోటు వచ్చిన 3,749 మంది మీద జరిగి 2006లో వెలువడిన నార్విట్ పరీక్షలో మేలు జరగకపోగా, ఫోలిక్ ఆమ్లం, బి12, బి6 మూడూ ఇచ్చిన బృందంలో ప్రమాదం కాస్త పెరిగే ధోరణి కనిపించింది. బ్రిటన్‌లో 12,064 మంది మీద జరిగిన సెర్చ్ పరీక్షలో హోమోసిస్టీన్ 28 శాతం తగ్గింది, గుండెపోట్లు మాత్రం తగ్గలేదు. పక్షవాతం విషయంలో చిత్రం కొంత వేరు. చైనాలో రక్తపోటున్న 20,702 మందికి ఎనలాప్రిల్ మాత్రతో పాటు 0.8 మిల్లీగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఇచ్చిన పరీక్షలో, నాలుగున్నరేళ్లలో తొలి పక్షవాతం 3.4 శాతం నుంచి 2.7 శాతానికి తగ్గిందని 2015లో ప్రకటించారు. అక్కడ పిండిలో ఫోలిక్ ఆమ్లం కలపరు, ఫోలేట్ తక్కువగా ఉన్నవారికి మేలు ఎక్కువగా కలిగింది. లోపం ఉన్నచోట విటమిన్ మందుగా పనిచేస్తుంది, లోపం లేనిచోట చేయదని ఈ ఫలితాల నుంచి నేను గ్రహించినది.

ఎక్కువైతే హాని కూడా ఉంది. మధుమేహం వల్ల మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి పెద్ద మోతాదుల్లో బి విటమిన్లు ఇచ్చి 2010లో ఫలితాలు ప్రకటించిన కెనడా పరీక్షలో, మూత్రపిండాల పని మరింత వేగంగా క్షీణించింది, గుండె, మెదడు ప్రమాదాలు పెరిగాయి. బి6 పెద్ద మోతాదుల్లో నెలల తరబడి వాడితే నరాలే దెబ్బతిని, తిమ్మిర్లకు వేసుకున్న మాత్ర తిమ్మిర్లనే తెచ్చిపెట్టగలదు. కొలెస్టరాల్ కోసం బి3ని పెద్ద మోతాదులో ఇచ్చిన, 25,673 మంది పాల్గొన్న పరీక్ష కూడా 2014లో మేలు చూపలేదు, కొత్తగా మధుమేహం, రక్తస్రావం, అంటువ్యాధులు పెరిగాయి.

కాబట్టి చిన్న వయసులో గుండెపోటు వచ్చిన ఇంట్లో మిగిలినవారు డబ్బు ఖర్చుపెట్టవలసిన పరీక్షలు ముందుగా వేరేవి ఉన్నాయి: ఎల్‌డీఎల్ కొలెస్టరాల్, రక్తపోటు, మూడు నెలల సగటు చక్కెర, జీవితంలో ఒక్కసారైనా, రక్తంలో కొలెస్టరాల్‌ను మోసే ఒక రకం కణమైన లైపోప్రోటీన్-ఎ. వంశపారంపర్యంగా వచ్చి ధమనులను నిజంగా మూసే గుణం ఎక్కువగా కనిపించేది ఈ చివరి దానిలోనూ, పుట్టుకతో వచ్చే అధిక ఎల్‌డీఎల్‌లోనూ. లైపోప్రోటీన్-ఎ డెసిలీటరుకు 50 మిల్లీగ్రాములు దాటితే డాక్టరు ఎల్‌డీఎల్ లక్ష్యాన్ని మరింత కిందికి దించుతారు. కొలెస్టరాల్ మాత్ర మానేసి దాని బదులు బి కాంప్లెక్స్ వేసుకోవడం ప్రాణం మీదికి తెచ్చుకొనే మార్పిడి.

బి12 గాని ఫోలేట్ గాని తక్కువగా తేలి చికిత్స మొదలుపెట్టినవారు రెండు మూడు నెలల తరువాత అదే ల్యాబులో, అలాగే పరగడుపున, మంచులో పెట్టే నమూనాతో హోమోసిస్టీన్ మళ్లీ చూపించుకోవాలి. మెట్‌ఫార్మిన్ వాడేవారు ఏడాదికోసారి చక్కెర పరీక్షల చీటీలోనే బి12ను కూడా రాయించుకోండి. మళ్లీ చేసిన పరీక్షలో అంకె పదిహేను లోపుకు దిగితే ఆ ఫైలు అక్కడితో మూసేయవచ్చు. దిగకపోతే, బి12 మామూలైనా తగ్గకపోతే, అప్పుడు ఆ రెండు రిపోర్టులూ, వాడుతున్న మందుల చీటీ, క్రియాటినిన్ ఫలితం కలిపి పట్టుకొని డాక్టరు దగ్గరికి వెళ్లి, జన్యు పరీక్ష గురించి అడగవచ్చు.